మేళాకు బయలుదేరిన కలంకారీ



ఢిల్లీ హాట్‌లోనో, హైదరాబాదు శిల్పారామంలోనో కలంకారీ దుకాణం ముందు ఓ గంట నిలబడితే ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది. "ఇదే డిజైను బయట నాలుగు వందలకు వస్తోంది, మీరు నాలుగు వేలు చెబుతారేంటి?" అడిగినవాళ్ళను తప్పుపట్టడానికేమీ లేదు. బయట దొరికే గుడ్డ మీదా అదే నెమలి, అదే లత, అదే ఇటుకరంగు ఎరుపు. దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే. ఆ తేడాను రెండు నిమిషాల్లో, వచ్చీరాని హిందీలో, పక్కన మరో నలుగురు దుపట్టాల మడతలు విప్పేస్తుండగా చెప్పి ఒప్పించాలి. శ్రీకాళహస్తి కళాకారులకు ఇప్పుడు కలం పట్టడంతో పాటు ఇది కూడా నేర్చుకోవాల్సిన పని అయింది.

చెప్పాల్సింది మాత్రం చాలా ఉంది. కాళహస్తి కలంకారీ ముతక నూలుగుడ్డతో మొదలవుతుంది. దాన్ని గాడా అంటారు. గంజి పోయేలా ఉతికి, పేడనీళ్ళలో నానబెట్టి, ఎండలో వేసి తెల్లబరుస్తారు. తర్వాత కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి, పిండి, మళ్ళీ ఆరేస్తారు. కరక్కాయలోని వగరు రంగును పట్టి ఉంచుతుంది. పాలలోని కొవ్వు ఆ రంగును గీత దాటి పాకనివ్వదు. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో ముందు బొమ్మ గీసుకుంటారు. ఆపైన కలం వంతు. వెదురు పుల్లకు మొన తీర్చి, మొనకు కాస్త పైన ఉన్నినో పాతగుడ్డనో చుట్టి దారంతో బిగిస్తారు. ఆ చుట్ట రంగును పీల్చుకుంటుంది. వేళ్ళతో నొక్కినకొద్దీ రంగు మొనలోకి దిగుతుంది. సన్నగీతైనా లావుగీతైనా ఆ నొక్కును బట్టే.

నల్లరంగును కసీం అంటారు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెడితే వచ్చే నీరు అది. కుండలో ఉన్నంతసేపూ అది నల్లగా ఉండదు. కరక్కాయ పట్టిన గుడ్డను తాకిందో లేదో నల్లబడుతుంది. మేళాలో ఈ ఒక్క పని చేసి చూపిస్తే చాలు, దాటిపోతున్నవాళ్ళు వెనక్కి తిరిగి వస్తారు.

ఎరుపుది ఇంకో తమాషా. ఎరుపు రావాల్సిన చోట కలంతో పూసేది పటిక నీళ్ళు. అప్పటికి ఎరుపు జాడే ఉండదు. ఆరనిచ్చి, పారే నీటిలో జాడించి, చిరివేరు, మంజిష్ఠ లాంటివి వేసిన నీళ్ళలో మరిగిస్తే పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు నిలుస్తుంది. మళ్ళీ ఉతుకు, మళ్ళీ ఎండ, మళ్ళీ పాలు. కరకపువ్వు నుంచి పసుపు, నీలిమందు నుంచి నీలం, పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ. చివర మరో ఉతుకు. ఒక గుడ్డ పూర్తయ్యేలోపు ఎన్నోసార్లు తడిసి ఆరుతుంది. అందుకే ఈ పని స్వర్ణముఖి నది ఒడ్డున పెరిగింది. నదిలో నీళ్ళు లేని నెలల్లో బోరునీళ్ళను వెతుక్కోవాలి, మబ్బు పట్టిన వారాల్లో పని ఆపుకోవాలి.

బందరు (మచిలీపట్నం) పక్కనే ఉన్న పెడనది వేరే పద్ధతి. అక్కడ కలం బదులు టేకు చెక్కతో చెక్కిన అచ్చులు. అంచుగీతకు ఒక అచ్చు, లోపల నింపే ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. కరక్కాయ, పాలు, పటిక, మరిగించడం, కాలువలో జాడించడం మాత్రం రెండు ఊళ్ళకూ ఉమ్మడి. మేళాకు వచ్చే కొత్తవాళ్ళు రెంటినీ కలిపి కలంకారీ అనే పిలుస్తారు. ధర దగ్గరికి వచ్చేసరికి ఈ తేడా చాలా పెద్దదవుతుంది. అచ్చుతో ఒకే నమూనా బారల కొద్దీ వేయొచ్చు. కలంతో గీసిన బొమ్మను రెండోసారి గీయాలంటే మొదటినుంచీ గీయాల్సిందే.

సంత కోసం, కొనేవాళ్ళ కోసం పని మార్చుకోవడం ఈ కళకు నిన్నమొన్నటి అవసరం కాదు. కాళహస్తి కళాకారులు ఒకప్పుడు గుళ్ళలో వేలాడదీసే పెద్ద తెరలు వేసేవారు. నడిమధ్య పట్టాభిషేకం, చుట్టూ వరసలు వరసలుగా రామాయణ కథ, బొమ్మల కింద తెలుగులో వివరణ. చదువురానివాళ్ళకు బొమ్మ, వచ్చినవాళ్ళకు అక్షరం. అదే కాలంలో గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో ఉన్న బందరు రేవు నుంచి పారశీకానికి పూలూ లతలూ వేసిన గుడ్డలు వెళ్ళేవి. అక్కడివాళ్ళ అభిరుచి వేరు కనుక దేవతల బొమ్మలు తగ్గి, తీగలూ మామిడిపిందెలూ పెరిగాయి. ఇంగ్లీషు కంపెనీ 1611లో బందరులో కోఠీ పెట్టింది. డచ్చివాళ్ళు అంతకు కొన్నేళ్ళ ముందే వచ్చారు. నిజాంపట్నం ప్రాంతపు చిరివేరు ఎరుపుకు ఆ వర్తకుల దగ్గర మంచి పేరుండేది.

గిరాకీ ఎలా ఆజ్ఞాపించేదో చెప్పే ఉత్తరం ఒకటి ఉంది. 1643లో లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లు సూరత్‌లోని తమ మనుషులకు రాశారు. పంపుతున్న బొంతల్లో ముదురు ఎరుపు నేల ఎక్కువగా ఉంటోందనీ, అది అందరికీ నచ్చడం లేదనీ, ఇకమీదట తెల్లనేల ఎక్కువుంచి మధ్యలో పూలూ కొమ్మలూ రంగుల్లో వేయించమనీ దాని సారాంశం. ఈనాటి బొటీకు యజమాని "బ్యాక్‌గ్రౌండ్ కాస్త లైటుగా పెట్టండన్నా" అని వాట్సాప్‌లో పంపే మెసేజీకి ఇది దాదాపు నాలుగు వందల ఏళ్ళ నాటి పెద్దన్న. తూర్పు తీరం చేతివృత్తివాళ్ళు కూడా అలాగే యూరప్ మంచాలకు సరిపడే కొలతల్లో, మధ్యలో ఒక పెద్ద చెట్టు విరబూసినట్టు దుప్పట్లూ తెరలూ వేసి పంపారు. ఆ చెట్టు ఈనాటికీ మేళాల్లో బాగా అమ్ముడయ్యే బొమ్మల్లో ఒకటి. అప్పటి గుడ్డలు కొన్ని లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి.

ఆ గుడ్డల ధాటికి యూరప్ నేతగాళ్ళు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్సు 1686లో అద్దకపు గుడ్డలను నిషేధించి 1759 దాకా ఆ నిషేధం ఎత్తలేదు. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో ఇంకా గట్టి చట్టం తెచ్చింది. తర్వాత యంత్రాలతో అచ్చేసిన గుడ్డ ఎదురు మన ఊళ్ళకే వచ్చిపడింది. ఇరవయ్యో శతాబ్దం సగానికి వచ్చేసరికి కాళహస్తిలో కలం పట్టేవాళ్ళు దాదాపు లేకుండా పోయారు.

1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల బోర్డుకు కమలాదేవి ఛటోపాధ్యాయ తొలి అధ్యక్షురాలు. ఆవిడ చొరవతో 1957లో కాళహస్తిలో కలంకారీ శిక్షణ కేంద్రం వెలిసింది. పని తెలిసిన జొన్నలగడ్డ లక్ష్మయ్య అక్కడ గురువయ్యారు. ఆ కుటుంబానికే చెందిన జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. నేర్పించడం ఒక ఎత్తు. నేర్చుకున్నవాళ్ళు బతకడం ఇంకో ఎత్తు. గుళ్ళు తెరలు వేయించుకోవడం మానేశాయి, జమీందార్లు లేరు, ఓడలు లేవు. కొత్తగా కొనేవాళ్ళు పట్నాల్లో ఉన్నారు. వాళ్ళు కలిసే చోటు మేళా.

మేళాలన్నీ ఒక్క తీరుగా ఉండవు. హైదరాబాదు నాంపల్లి నుమాయిష్ 1938లో మొదలైంది. ఏటా జనవరి ఒకటి నుంచి నెలన్నర జరుగుతుంది. అక్కడికి వచ్చేవాళ్ళు కుటుంబాలతో, మిర్చిబజ్జీలతో, జెయింట్‌వీల్‌తో, బేరాల సరదాతో వస్తారు. చెప్పిన ధరలో సగానికి అడగడం అక్కడి మర్యాద. ఫరీదాబాదు దగ్గరి సూరజ్‌కుండ్ మేళా 1987 నుంచి ఫిబ్రవరిలో జరుగుతోంది. అక్కడ దేశం నలుమూలల పనీ ఒక్కచోట చూస్తారు. పక్క దుకాణంలో కచ్ కుట్టుపని, ఎదురుగా మధుబని. కలంకారీకి పోటీ మరో కలంకారీతో కాదు, వీటన్నిటితో.

ఢిల్లీ హాట్ 1994లో తెరుచుకుంది. దళారి లేకుండా చేసినవాళ్ళే అమ్మాలన్నది దాని మూలసూత్రం. దస్త్‌కారీ హాట్ సమితి వ్యవస్థాపకురాలు జయా జైట్లీ ఆలోచన అది. ప్రభుత్వం దగ్గర నమోదైన కళాకారులకు పదిహేను రోజుల చొప్పున వంతులవారీగా దుకాణాలిస్తారు. 1981లో మొదలైన దస్త్‌కార్ సంస్థ బజార్లలో మాత్రం దుకాణానికి వచ్చే సరుకు నాణ్యతను, కొత్తదనాన్ని ముందే చూస్తారు. ఇక కేంద్ర హస్తకళల కమిషనర్ కార్యాలయం నడిపే గాంధీ శిల్ప్ బజార్లు ఊరూరా తిరుగుతుంటాయి. వాటికి వెళ్ళాలంటే కళాకారుడి గుర్తింపు కార్డు ఉండాలి. పేరు తెలిసిన మేళాలో చోటు దొరకడమే ఒక గెలుపు. దొరికాక అసలు లెక్క మొదలవుతుంది.

ఆ లెక్కను ఊహకు ఒకసారి వేసి చూద్దాం. ఒక కలంకారీ దుపట్టాకు గుడ్డ, పాలు, కరక్కాయ, రంగులు, కట్టెలు కలిపి 700 రూపాయలు అనుకుందాం. గీయడానికీ రంగులకూ ఐదు రోజులు, రోజుకు 500 చొప్పున 2,500. ఉతికి మరిగించే మనిషికి 200. ఇంటి గడప దాటకముందే 3,400 అయింది. ఢిల్లీకి రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు రైలు ప్రయాణం, మూటల కిరాయి, పదిహేను రోజుల గది, తిండి, దుకాణం ఖర్చు మొత్తం 30,000 అయిందనుకుంటే, అరవై దుపట్టాలు అమ్ముడుపోయిన పక్షంలో ఒక్కోదాని మీద 500 పడుతుంది. అంటే 3,900. నాలుగు వేలకు అమ్మితే మిగిలేది వంద. ఇప్పుడు ఎదుటివాళ్ళు "ఓ ఐదొందలు తగ్గించండి" అంటే తీసేస్తున్నది లాభం కాదు, ఒక మనిషి రోజు కూలి. నలభై దుపట్టాలే పోతే ఒక్కోదాని మీద పడే దారిఖర్చు 750 అవుతుంది, వంద లాభం కాస్తా నష్టంలోకి జారుతుంది. మిగిలిన ఇరవైలో పెట్టిన డబ్బు తర్వాతి మేళా దాకా మూటలోనే ఉంటుంది.

అందుకే దుకాణం సర్దడంలోనే తెలివి చూపిస్తారు. వెనక గోడకు ఆరడుగుల తెర ఒకటి, కృష్ణుడో, దశావతారాలో, జీవవృక్షమో. దాన్ని కొనేవాళ్ళు ఆ పదిహేను రోజుల్లో ఒకరో ఇద్దరో. కానీ జనాన్ని ఆపేది అదే. దాని ముందు చీరలు, దుపట్టాలు. అందరికంటే ముందు బల్ల మీద జాకెట్టు ముక్కలు, చేతిసంచులు, చిన్న ఫ్రేములు, పుస్తకంలో పెట్టుకునే గుర్తుపట్టీలు. పెద్ద తెర చూసి ముచ్చటపడినవాళ్ళు వట్టిచేతులతో పోకుండా రెండు మూడొందలకు ఏదో ఒకటి పట్టుకెళ్ళాలి. ఆ చిన్న సరుకుతోనే రోజువారీ ఖర్చు గట్టెక్కుతుంది. కలంకారీ జాకెట్ల మోజు తెలుగునాట వచ్చాక ముక్కల గిరాకీ ఎంత పెరిగిందంటే, కొందరు బొమ్మను ముందే మెడకూ చేతులకూ సరిపడేలా విడగొట్టి గీస్తున్నారు. రావణుడి పది తలలు వేసే చేయి రెండు చేతుల మీద రెండు నెమళ్ళను ఎదురెదురుగా నిలబెడుతోంది.

దీనిపై పాతకాలపు గురువుల్లో కొందరికి అసంతృప్తి ఉంది. కథ చెప్పే బొమ్మ అలంకారపు ముక్కగా మిగిలిపోతోందని వాళ్ళ బాధ. అందులో నిజం లేకపోలేదు. కుర్రవాళ్ళు కొందరికి పూలబుట్టా తప్ప పురాణ సన్నివేశం మొత్తం కూర్చడం రావడం లేదు. మరోవైపు, జాకెట్టు ముక్కల వల్లే ఈ పనిలోకి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు, ముఖ్యంగా ఆడవాళ్ళు. బెంగళూరుకు చెందిన అనితారెడ్డి మొదలుపెట్టిన ద్వారకా సంస్థ కాళహస్తి చుట్టుపక్కల మహిళలకు కలం పని నేర్పి, వాళ్ళు చేసినదాన్ని అమ్మే బాధ్యత కూడా తీసుకుంది. ఇంటిపని ముగించుకుని మధ్యాహ్నం కూర్చుని రంగులు నింపే చోట ఆరు గజాల తెర కుదరదు, మూరెడు ముక్క కుదురుతుంది.

ఇక నకళ్ళ సంగతి. స్క్రీన్ ప్రింటింగ్ వచ్చాక కలంకారీ బొమ్మను రసాయన రంగులతో తానుల కొద్దీ అచ్చేయడం తేలికైపోయింది. పవర్‌లూం గుడ్డ మీద అచ్చేసి దాన్నీ కలంకారీ పేరుతోనే అమ్ముతున్నారు. పెడనలోనే కొన్ని చోట్ల చెక్కఅచ్చుల బల్లల పక్కన స్క్రీన్ బల్లలు చేరాయి. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది, మచిలీపట్నం కలంకారీకీ ఉంది. ఆ గుర్తింపునిచ్చే చట్టం కాపాడేది పేరును. వేరే ఊళ్ళో వేసినదాన్ని ఆ పేరుతో అమ్మకూడదు. అదే నెమలిని అచ్చేసి ఏ పేరూ పెట్టకుండా అమ్మితే మాత్రం ఈ గుర్తింపు పెద్దగా అక్కరకు రాదు.

కొనేవాళ్ళు కాస్త ఓపిక పడితే తేడా కళ్ళకే తెలుస్తుంది. గుడ్డను తిప్పి వెనకవైపు చూడాలి. చేతిపనిలో రంగు సాధారణంగా గుడ్డ లోపలికి ఇంకి వెనక కూడా బొమ్మ దాదాపుగా కనబడుతుంది. స్క్రీన్‌తో వేసిన రంగు చాలాసార్లు పైపైనే ఉండి వెనక వెలవెలబోతుంది. తర్వాత ఒకేలాంటి రెండు పూలను పక్కపక్కన పెట్టి చూడాలి. కలంతో గీసినవైతే రేకు వంపులో, గీత మందంలో తేడా ఉంటుంది. చెక్కఅచ్చైతే ఎక్కడో ఒకచోట ఎరుపు నల్లగీతను నూలుపోగంత దాటుతుంది. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేకుండా తాను పొడవునా ఒకేలా ఉంటే అది యంత్రానిదో స్క్రీన్‌దో. కొత్త గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుంటే పాలూ కరక్కాయా కలిసిన వాసన కొంచెం తగులుతుంది. మొదటి ఉతుకులకు అది పోతుంది.

ఈ విషయాలు నోటితో చెబితే వినేవాళ్ళు తక్కువ. అందుకని అనుభవమున్నవాళ్ళు దుకాణంలో ఒకే బొమ్మను నాలుగు దశల్లో ఆపేసిన నాలుగు ముక్కలు వేలాడదీస్తారు. పాలు పట్టిన గుడ్డ, నల్లగీతల గుడ్డ, ఎరుపు మరిగిన గుడ్డ, పూర్తయిన గుడ్డ. పక్కన ఒక పళ్ళెంలో కరక్కాయలు, పటిక, నీలిమందు ముద్ద. ఒకరు అమ్ముతుంటే ఇంకొకరు పక్కన కూర్చుని గీస్తూనే ఉంటారు. బడిపిల్లలు వచ్చి కలం పట్టుకుంటామంటారు, వెంట వచ్చిన తల్లి దుపట్టా చూస్తుంది. కొన్ని మేళాల్లో రుసుము తీసుకుని రెండు గంటల పాఠాలు కూడా చెబుతున్నారు. రోజు మొత్తం చీర అమ్ముడుపోకపోయినా పాఠం డబ్బులు చేతికొస్తాయి.

కాగితాల పని కూడా నేర్చుకోక తప్పలేదు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు వేరే రాష్ట్రానికి వెళ్ళి అమ్మాలంటే అక్కడ నమోదు తప్పదేమోనని చేతిపనివాళ్ళు హడలిపోయారు. అదే ఏడాది సెప్టెంబరులో హస్తకళల వస్తువులకు ఏడాది అమ్మకం 20 లక్షల లోపుంటే మామూలు రాష్ట్రాల్లో ఆ నమోదు అక్కర్లేదని మినహాయింపు ఇచ్చారు. పాన్ నంబరు, సరుకుతో పాటు ఈ-వే బిల్లు మాత్రం ఉండాలి. క్యూఆర్ కోడ్ అట్ట ఇప్పుడు ప్రతి దుకాణంలోనూ బొమ్మల మధ్యే వేలాడుతుంటుంది.

మేళా రాబడిని గల్లాపెట్టెలో పడినదాన్ని బట్టే లెక్కకట్టరు. అక్కడ పరిచయమైన ఇంటీరియర్ డిజైనరు మూడు నెలల తర్వాత హోటలు గోడకు పెద్ద తెర కావాలని ఫోను చేయొచ్చు. ఒక పెళ్ళివారు ముప్ఫై దుపట్టాలు అడగొచ్చు. అందుకే ప్రతి సంచిలో ఫోను నంబరున్న కార్డు పెడతారు. అలా వచ్చిన ఆర్డరుకు దారిఖర్చు ఉండదు, బేరమూ తక్కువ, సగం డబ్బు ముందే వస్తుంది. వాటితోనే గుడ్డ, రంగులు కొంటారు. ముందస్తు డబ్బు రానివాళ్ళు అప్పు తెచ్చి సరుకు చేసుకోవాలి.

మేళాలు ఎక్కువగా అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా. రంగు బాగా పట్టే గట్టి ఎండలు మార్చి నుంచి జూన్ దాకా. అంటే అమ్మకానికి ఒక కాలం, పనికి ఒక కాలం. శ్రావణమాసపు పెళ్ళికి కలంకారీ చీర కావాలనుకునేవాళ్ళు ఆషాఢంలో ఫోను చేస్తే కాళహస్తిలో "లేదమ్మా, కుదరదు" అనే సమాధానం వస్తుంది. ఉగాదికల్లా చెప్పాలి. బొమ్మ ఏదో, నేల రంగు ఏదో, అంచు ఎంత వెడల్పో తేల్చుకుని, కొంత డబ్బు ముందు పంపితే, ఎండలు ముదిరే లోపే ఆ గుడ్డ కరక్కాయ పాలలో పడుతుంది.